ఎడ్విన్ జాన్ బట్లర్

సర్ ఎడ్విన్ జాన్ బట్లర్ (1874 ఆగష్టు 13 - 1943 ఏప్రిల్ 4) ఐర్లండులో పుట్టి, భారతదేశంలో దాదాపు ఇరవై సంవత్సరాలు పనిచేసిన శిలీంధ్ర శాస్త్రవేత్త, సస్యరోగ శాస్త్రవేత్త. భారతదేశంలో ఈ రెండు శాస్త్రాలకు పితామహుడిగా ఇతనిని పేర్కొంటారు. గోదావరి డెల్టాలో తాటిచెట్లను చంపుతున్న మొవ్వుకుళ్ళు తెగులుకు కారణాన్ని కనుగొన్నది ఇతడే. పల్నాడు ప్రాంతంలో నరసరావుపేట, మాచర్ల, గురజాల రైతులకు బాగా పరిచయమైన కంది ఎండుతెగులు, మిరప కాయకుళ్ళు తెగులు కలిగించే శిలీంధ్రాల శాస్త్రీయ నామాల వెంట బట్లర్ పేరు చాలాకాలం వ్యవసాయ విద్యార్థుల పుస్తకాలలో కనిపించింది. కంది శిలీంధ్రం పేరు వెంట నేటికీ ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

బట్లర్ ఐర్లండులోని క్లేర్ కౌంటీలో, సముద్రతీరాన ఉన్న కిల్కీ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి థామస్ బట్లర్ మేజిస్ట్రేటు. చదువుకోసం ఇంగ్లండు పంపగా, అనారోగ్యం వలన 1887లో తిరిగి ఐర్లండు చేరవలసి వచ్చింది. తరువాత కార్క్ నగరంలోని క్వీన్స్ కాలేజీలో వైద్యవిద్య అభ్యసించి 1898లో పట్టా పొందాడు.

అయితే అతడు వైద్యవృత్తిలో స్థిరపడలేదు. కార్క్ కళాశాలలో ప్రకృతిశాస్త్రం బోధించే మార్కస్ హార్టోగ్ నీటిబూజుల మీద పరిశోధన చేసేవాడు. చెరువులలో, మడుగులలో చచ్చిన పురుగుల మీద తెల్లని నూగులా పెరిగే జీవులివి. వీటి సిద్ధబీజాలకు తోకవంటి కశాభాలుంటాయి. వాటి సాయంతో నీటిలో ఈదుతాయి. హార్టోగ్ ప్రభావంతో బట్లర్ ఈ జీవుల వైపు ఆకర్షితుడయ్యాడు. తరువాత పారిస్‌లో వాన్ టీగెమ్ వద్ద, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో, లండను దగ్గర క్యూ ఉద్యానవనంలో అధ్యయనం కొనసాగించాడు. నీటిబూజుల పరిచయం భవిష్యత్తులో తాటితోపులలో అక్కరకు వస్తుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

భారతదేశానికి రాక

క్యూ ఉద్యానవనం సిఫారసుతో బట్లర్ 1901లో భారత ప్రభుత్వపు తొలి అపుష్ప వృక్షశాస్త్రజ్ఞుడిగా కలకత్తాలో చేరాడు. పువ్వులు పూయని మొక్కలను, అప్పట్లో వాటిలో భాగంగానే లెక్కించే శిలీంధ్రాలను పరిశీలించడం ఆ ఉద్యోగ ధర్మం. 1902లో డెహ్రాడూనుకు మారాడు. 1905లో బీహారులోని పూసా గ్రామంలో వ్యవసాయ పరిశోధనా సంస్థ నెలకొన్నప్పుడు ఇంపీరియల్ మైకాలజిస్టుగా అక్కడ బాధ్యతలు స్వీకరించాడు.

అంతకుముందు ఈ దేశపు శిలీంధ్రాలను ఎవరూ చూడలేదని కాదు. కన్నింగ్‌హామ్, బార్క్‌లే వంటి సైనిక వైద్యులు తీరిక వేళల్లో పరిశీలించారు. కాని ఎక్కువగా జరిగినది వేరు. ఎవరో ఒక అధికారి ఎండిన ఆకును, కొయ్యముక్కను కాగితంలో చుట్టి ఇంగ్లండు పంపేవాడు. అక్కడి పండితుడు సూక్ష్మదర్శినిలో చూసి లాటిన్ పేరు పెట్టేవాడు. ఆ జీవి ఏ నేలలో, ఏ ఋతువులో పెరిగింది, బతికిన మొక్కమీద ఉన్నదా, చచ్చిన మొక్కమీద చేరినదా అన్న సంగతులు చాలావరకు ఆ కాగితంలో ఉండేవి కావు. పేరు దొరికేది గాని, ఆ శిలీంధ్రం చేసే పని తెలిసేది కాదు.

బట్లర్ ఈ పద్ధతిని మార్చాడు. పేర్ల నిర్ణయానికి జర్మనీకి చెందిన సిడో తండ్రీకొడుకుల సహాయం తీసుకుంటూనే (వారితో కలిసి భారతదేశపు శిలీంధ్రాలపై 1906 నుండి 1916 వరకు వ్యాసమాల ప్రచురించాడు), నమూనాలను పూసాలో భద్రపరచసాగాడు. ఇది తరువాత భారతదేశంలో ప్రధాన శిలీంధ్ర సంగ్రహాలయంగా ఎదిగింది. ప్రతి తెగులునూ పొలంలో చూసి, శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచి, ఆరోగ్యంగా ఉన్న మొక్కకు తిరిగి సోకించి చూడటం అతని పద్ధతి. 1906లో హేమన్‌తో కలిసి గోధుమ కుంకుమ తెగుళ్ళపైన, అదే సంవత్సరం చెరకు ఎర్రకుళ్ళు తదితర తెగుళ్ళపైన, 1907లో పిథియం ప్రజాతిపైన రచనలు వెలువరించాడు. ఇవన్నీ పూసాలో చేరిన రెండేళ్ళలోపు వచ్చినవే.

తాటి మొవ్వుకుళ్ళు

పంతొమ్మిదవ శతాబ్దం చివరినుండి గోదావరి డెల్టాలో తాటిచెట్లు చనిపోసాగాయి. మొదట నడిమి మొవ్వాకు వాడిపోయేది. తరువాత లోపలి లేతభాగం కుళ్ళి దుర్వాసన వచ్చేది. చివరకు తల విరిగిపడి మోడు మిగిలేది. తాటికి కొమ్మలుండవు. చెట్టు పెరుగుదలంతా తలలోని ఒకే మొవ్వుమీద ఆధారపడుతుంది. ఆ మొవ్వు పోతే వేరొక చిగురు వేసే అవకాశం లేదు. కల్లు, బెల్లం, ముంజలు, తేగలు, ఇంటికప్పుకు ఆకు, వాసాలకు మాను - ఇన్ని ఇచ్చే చెట్టు కాబట్టి దానిమీద బతికే కుటుంబాలకు ఇది చిన్న నష్టం కాదు. విత్తిన తాటిటెంక గీతకు అందే చెట్టు కావడానికి పది, పదిహేనేళ్ళు పైగా పడుతుంది.

బట్లర్ ఈ తెగులును స్వయంగా పరిశీలించి, కుళ్ళిన మొవ్వు కణజాలంలో ఒక సూక్ష్మజీవిని గుర్తించాడు. కార్క్‌లో నేర్చుకున్న నీటిబూజుల జాతికి ఇది దగ్గరిది. దీనికి పిథియం పామివోరం అని పేరు పెట్టాడు. తాటిజాతి చెట్లను తినేది అని దాని అర్థం. ఈ జీవి సిద్ధబీజాలు నీటిలో ఈదుతాయి గనుక వానాకాలంలో ఆకుతొడిమల సందులలో నిలిచే తడి వాటికి దారి అవుతుంది. 1910లో ఈ తెగులుపై సమగ్ర నివేదిక ప్రచురితమైంది. 1919లో బట్లరే ఈ జీవిని ఫైటోఫ్థొరా ప్రజాతిలోకి మార్చి ఫైటోఫ్థొరా పామివోరాగా సవరించాడు.

నివారణకు అప్పట్లో మార్గం ఒక్కటే: తెగులు కనిపించిన చెట్టు తల నరికి కాల్చివేయడం. మద్రాసు ప్రభుత్వపు మైకాలజిస్టు మెక్రే ఆధ్వర్యంలో గోదావరి, కృష్ణా జిల్లాలలో ఈ పని సంవత్సరాల తరబడి సాగింది. మొవ్వు వాడటం మొదలైన తొలిదశలో చెట్టు ఇంకా పచ్చగానే కనిపిస్తుంది. అటువంటి చెట్టును నరకనివ్వడం దాని ఫలసాయం మీద బతికేవానికి ఎంత కష్టమో ఊహించవచ్చు. నరకకుంటే చుట్టుపక్కల తోపులకు ముప్పు.

ఇప్పటి వర్గీకరణ ప్రకారం ఫైటోఫ్థొరా, పిథియం నిజమైన శిలీంధ్రాలు కావు. వీటి కణకవచంలో ప్రధానంగా కైటిన్‌కు బదులు సెల్యులోజు ఉంటుంది; గోధుమరంగు శైవలాలకు ఇవి దూరపు చుట్టాలు. అయినా శిలీంధ్రాల వలెనే దారపుపోగుల రూపంలో పెరుగుతాయి కాబట్టి శిలీంధ్ర శాస్త్రవేత్తలే వీటిని అధ్యయనం చేస్తున్నారు. గోదావరి జిల్లాలలో కొబ్బరితోటల నడుమ వేసే కోకో కాయలను నల్లగా కుళ్ళబెట్టేది కూడా బట్లర్ పేరు పెట్టిన ఈ జీవే.

కంది ఎండుతెగులు

బట్లర్ పరిశోధనలలో అన్నిటికంటె నిశితమైనది కంది ఎండుతెగులుకు సంబంధించినదని చెప్పవచ్చు. పల్నాడు నల్లరేగడి నేలల్లో కంది పాత పంట. లాం పరిశోధనా కేంద్రం నుండి వెలువడిన ఎల్.ఆర్.జి. 30 కంది రకానికి పల్నాడు అనే పేరే ఉంది. పూత, కాయ దశలో ఏపుగా ఉన్న కంది మొక్క, నేలలో తేమ ఉండగానే, నీరందనట్లు వాడి ఎండిపోవడం ఈ తెగులు లక్షణం. మొదలునుండి పైకి కాండం మీద ఒక గోధుమ లేక ఊదారంగు చార సాగుతుంది. కాండాన్ని చీల్చి చూస్తే నీటిని మోసే నాళాలు నల్లబారి కనిపిస్తాయి. ఒక మొక్కతో మొదలై ఏటేటా చేలో మచ్చలు మచ్చలుగా విస్తరిస్తుంది.

బట్లర్ పరిశోధన మొదలుపెట్టే నాటికి దీనికి సిద్ధంగా ఒక సమాధానం ఉంది. అమెరికాలో పత్తి, పుచ్చ మొదలైన పంటల ఎండుతెగులుకు నియోకాస్మోస్పొరా అనే శిలీంధ్రం కారణమని 1899లో ఎర్విన్ స్మిత్ ప్రకటించాడు. నాళాలలో కనిపించే ఫ్యుసేరియం దాని మరొక దశ మాత్రమేనని అతని నిర్ణయం. స్మిత్ ఆనాటి సస్యరోగ శాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడు. చచ్చిన కంది వేళ్ళమీద నియోకాస్మోస్పొరా భారతదేశంలోనూ పుష్కలంగా కనిపించింది. కాబట్టి అదే కారణమని రాసి ముగించడం సులభం.

బట్లర్ రెండింటినీ విడివిడిగా పెంచి, విడివిడిగా మొక్కలకు సోకించాడు. నియోకాస్మోస్పొరా కలిపిన మట్టిలో కంది ఆరోగ్యంగానే పెరిగింది. ఫ్యుసేరియం కలిపిన మట్టిలో ఎండిపోయింది. అంటే ఇవి ఒకే జీవికి రెండు దశలు కావు. రెండూ వేర్వేరు శిలీంధ్రాలు. మొదటిది చచ్చిన వేరుమీద చేరి దానిని మట్టిగా మార్చే పూతికాహారి. హంతకి రెండవది. 1910లో ప్రచురించిన గ్రంథంలో బట్లర్ దానికి ఫ్యుసేరియం ఉడం అని నామకరణం చేశాడు.

ఈ భేదం శాస్త్రజ్ఞుల వాదులాటగా కనిపించవచ్చు గాని, పొలంలో దాని ప్రయోజనం పెద్దది. మట్టిలో ఉండే శిలీంధ్రాలలో అత్యధికం పూతికాహారులే. ఆకులను, మోళ్ళను, కొయ్యను జీర్ణించి అందులోని పోషకాలను తిరిగి నేలకు చేర్చే పని ఇవి చేస్తాయి. ఇవి లేకపోతే పోయిన ఏటి పత్తికట్టె ఈ ఏటికీ చేలో అలాగే ఉంటుంది. చచ్చిన మొక్కమీద కనిపించిన ప్రతిదానినీ శత్రువుగా భావిస్తే నేలకు మేలుచేసే జీవులపై నింద పడుతుంది, అసలు శత్రువు తప్పించుకుంటుంది. ఫ్యుసేరియం ఉడం కంది మోళ్ళనాశ్రయించి నేలలో కొన్ని సంవత్సరాలు బతికి ఉంటుంది. అదే చేలో మళ్ళీ కంది వేస్తే దానికి ఆహారం దొరుకుతుంది. అందువల్లనే పైన మందు చల్లడం కంటె తట్టుకునే రకాలను ఎంచుకోవడం, పంటమార్పిడి చేయడం ఈ తెగులుకు ముఖ్యమైన మార్గాలయ్యాయి. పూసాలోనూ, 1972లో పటాన్‌చెరువులో ఏర్పడిన ఇక్రిశాట్‌లోనూ తెగులును తట్టుకునే కంది రకాలను ఎంపిక చేశారు. జొన్నతో కలిపి గాని, మార్చి గాని కంది వేసిన చేలలో ఎండుతెగులు తగ్గుతుందని కూడా ఇక్రిశాట్ ప్రయోగాలలో తేలింది. శ్రీనాథునివిగా చెప్పే చాటువులలోనే జొన్నకూటికి పేరుపడిన పల్నాటికి ఈ పంట కొత్తది కాదు.

తెగులంటే శిలీంధ్రమే అనే పక్షపాతం కూడా బట్లర్‌కు లేదు. బెంగాల్‌లో వరిని పాడుచేసే ఉఫ్రా అనే తెగులును పరిశీలించి, దానికి కారణం శిలీంధ్రం కాదని, కంటికి కనిపించని ఒక నులిపురుగని 1913లో తేల్చాడు.

ఇతర శిలీంధ్రాలు, శిష్యులు

పంటలకు సంబంధం లేని శిలీంధ్రాలపైన కూడా అతని ఆసక్తి తగ్గలేదు. నీటిలో చచ్చిన ఈగలమీద పెరిగే ఒక బూజుకు 1911లో అల్లోమైసిస్ అని పేరుపెట్టి కొత్త ప్రజాతిగా ప్రకటించాడు. ఎవరికీ లాభనష్టాలు లేని ఈ జీవి తరువాతి కాలంలో శిలీంధ్రాల జీవితచక్రాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయోగశాలలలో ముఖ్యమైన సాధనమైంది. నేటికీ వృక్షశాస్త్ర విద్యార్థులు దీనిని చదువుతారు.

పూసాలో బట్లర్ వద్ద పనిచేసినవారిలో జె.ఎఫ్. దస్తూర్ ముఖ్యుడు. ఆముదపు మొక్కలను కుళ్ళబెట్టే ఫైటోఫ్థొరా పారసిటికాను దస్తూర్ 1913లో వర్ణించాడు. 1919లో ఎల్.ఎస్. సుబ్రహ్మణ్యం అల్లం, పొగాకు, బొప్పాయిలకు తెగులు కలిగించే ఒక పిథియంకు బట్లర్ గౌరవార్థం పిథియం బట్లరి అని పేరుపెట్టాడు. ఇప్పుడు దీనిని పిథియం అఫానిడెర్మేటంలో కలిపివేశారు. మిరప, పొగాకు నారుమళ్ళలో మొలకలు మొదలు మెత్తబడి పడిపోయే నారుకుళ్ళు తెగులు కారకాలలో ఇది ఒకటి. నీరు నిలవని ఎత్తుమళ్ళలో పలుచగా నారుపోయమని చెప్పడానికి కారణం ఈ జీవి సిద్ధబీజాలు తడిలోనే ఈదగలగడం.

1918లో కలకత్తాలో ప్రచురితమైన ఫంగై అండ్ డిసీజ్ ఇన్ ప్లాంట్స్ బట్లర్ ప్రధాన రచన. భారతదేశపు పంటల తెగుళ్ళను ఒకచోట చేర్చిన తొలి పెద్ద గ్రంథం ఇదే. కళాశాలలలో చాలాకాలం ఇది ఆధారగ్రంథంగా ఉంది.

మిరప కాయకుళ్ళు

1920లో క్యూలో ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ మైకాలజీ ఏర్పడినప్పుడు దానికి తొలి డైరెక్టరుగా బట్లర్ భారతదేశం విడిచి వెళ్ళాడు. 1922 నుండి ఈ సంస్థ ప్రపంచమంతటా వెలువడే సస్యరోగ పరిశోధనల సారాంశాలను పత్రికగా ప్రచురించింది. ఎక్కడివారైనా నమూనా పంపితే గుర్తించి చెప్పే ఏర్పాటు కూడా చేసింది.

క్యూలో ఉండగానే జి.ఆర్. బిస్బీతో కలిసి 1931లో ది ఫంగై ఆఫ్ ఇండియా అనే సూచికను వెలువరించాడు. అప్పటివరకు భారతదేశంలో గుర్తించిన రెండువేలకు పైగా శిలీంధ్ర జాతులు ఇందులో ఉన్నాయి. పల్నాడుకు సంబంధించినంతవరకు ఇందులో ముఖ్యమైనది మిరప కాయకుళ్ళు శిలీంధ్రం. కోయంబత్తూరు నమూనాల ఆధారంగా 1913లో సిడో దీనికి వెర్మిక్యులేరియా కాప్సిసి అని పేరుపెట్టాడు. బట్లర్, బిస్బీలు దీనిని కొల్లెటోట్రైకం ప్రజాతిలోకి మార్చారు.

ఈ శిలీంధ్రం మొదట మిరప కొమ్మలను చివరినుండి ఎండబెడుతుంది. తరువాత పండుతున్న కాయమీద గుంటపడిన మచ్చలు, వాటిలో వలయాలుగా నల్లని చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే సిద్ధబీజాలు పుట్టే స్థానాలు. కాయ రంగుపోయి గడ్డిరంగుకు తిరుగుతుంది. కల్లంలో ఆరబోసినప్పుడు ఎర్రని కాయల మధ్య తెల్లగా కనిపించే తాలుకాయలలో చాలా భాగం ఈ తెగులు వలన ఏర్పడినవే. తాలును ఏరి వేరుగా అమ్మవలసిందే. దాని ధర ఎర్రకాయతో సాటిరాదు. శిలీంధ్రం గింజ ద్వారా కూడా వ్యాపిస్తుంది కాబట్టి తెగులు సోకిన కాయల నుండి విత్తనం తీయరాదని వ్యవసాయ శాస్త్రవేత్తలు హెచ్చరిస్తారు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత పల్నాడులో సాగునీటి పంటగా మిరప విస్తరించడంతో ఈ తెగులు ప్రాధాన్యత కూడా పెరిగింది.

చివరి సంవత్సరాలు

బట్లర్ 1926లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1935లో క్యూ నుండి వైదొలగి, బ్రిటనులోని వ్యవసాయ పరిశోధనా మండలికి కార్యదర్శిగా 1941 వరకు పనిచేశాడు. 1939లో సర్ బిరుదు పొందాడు.

జీవితమంతా మొక్కలను చంపే శిలీంధ్రాలతో గడిపిన బట్లర్, అదే 1939లో ప్రచురించిన ఒక సుదీర్ఘ వ్యాసంలో మొక్కలకు మేలుచేసే శిలీంధ్రాలను చర్చించాడు. చాలా మొక్కల వేళ్ళలో ఒకరకపు శిలీంధ్రం ప్రవేశించి, కణాలలో చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలు వేస్తుంది. దీనిని మైకోరైజా లేక శిలీంధ్రమూలం అంటారు. ఈ శిలీంధ్రం వేరు చేరలేని దూరానికి తన పోగులు పంపి భాస్వరం వంటి పోషకాలను తెచ్చి మొక్కకు ఇస్తుంది, బదులుగా మొక్క తయారుచేసిన చక్కెరను తీసుకుంటుంది. అప్పటికి వీటిని ప్రయోగశాలలో ఎవరూ విడిగా పెంచలేకపోయారు. ఇవి ఏ తరగతికి చెందినవో కూడా వివాదమే. చెల్లాచెదురుగా ఉన్న సాక్ష్యాలన్నీ పోగుచేసి ఇవి ఎండోగొనే కుటుంబానికి దగ్గరివని బట్లర్ నిర్ణయించాడు. 2001లో వీటికి గ్లోమెరోమైకోటా అనే ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసేవరకు వర్గీకరణ చాలావరకు ఆ దారిలోనే సాగింది. కంది, మిరప, పత్తి, జొన్న వేళ్ళన్నిటిలోను ఈ సహజీవనం ఉంది. ఎండుతెగులు శిలీంధ్రం ప్రవేశించే వేరులోనే దీని నివాసం కూడా.

తెలుగువారికి మరింత పరిచయమైన సహజీవనం వేరొకటి ఉంది. తొలకరి వానలకు చెదపుట్టల మీద పుట్టే కొక్కులు చెదపురుగులు తమ పుట్టలో పెంచుకునే శిలీంధ్రానివే. పుట్టగొడుగు అన్న మాటలోనే ఈ సంబంధం ఇమిడి ఉంది. బట్లర్ పరిశోధనలలో పుట్టగొడుగులకు స్థానం తక్కువ. అతని దృష్టి ప్రధానంగా కంటికి కనిపించని వాటిమీదనే.

1943 ఏప్రిల్ 4న ఇంగ్లండులో బట్లర్ మరణించాడు. అసంపూర్తిగా మిగిలిన సస్యరోగ శాస్త్ర గ్రంథాన్ని ఎస్.జి. జోన్స్ పూర్తిచేయగా 1949లో ప్రచురితమైంది.

తదనంతరం

1934 జనవరి 15న సంభవించిన బీహారు భూకంపంలో పూసా సంస్థ భవనాలు దెబ్బతినగా, 1936లో సంస్థను ఢిల్లీకి తరలించారు. బట్లర్ ప్రారంభించిన నమూనాల సంగ్రహం ఇప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఉంది. క్యూలోని బ్యూరో పలుమార్లు పేరు మారి, చివరకు కాబి అనే అంతర్జాతీయ సంస్థలో విలీనమైంది. ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్న డేవిడ్ హాక్స్‌వర్త్ ప్రపంచంలో 15 లక్షల శిలీంధ్ర జాతులు ఉండవచ్చునని 1991లో అంచనా వేశాడు. 2017లో ఈ అంచనాను 22 నుండి 38 లక్షలకు పెంచారు. వీటిలో ఇప్పటివరకు పేరు పెట్టినవి సుమారు లక్షన్నర మాత్రమే.

మిరప శిలీంధ్రానికి బట్లర్, బిస్బీలు ఇచ్చిన పేరు 2009లో మారింది. జన్యుపరిశీలన తరువాత దానిని కొల్లెటోట్రైకం ట్రంకేటం అనే జాతిలో చేర్చారు. ఫ్యుసేరియం ఉడం, ఫైటోఫ్థొరా పామివోరా పేర్లు మాత్రం బట్లర్ పెట్టినట్లే నిలిచి ఉన్నాయి.